నవంబరు ఒకటి ఎవరి పండుగ?

2014 తర్వాత ఐదేళ్ల పాటు ఆంధ్రప్రదేశ్‌కు పుట్టినరోజు లేకుండా పోయింది. తెలంగాణకు జూన్ 2 దొరికింది. ఇవతల మిగిలిన పదమూడు జిల్లాల్లో అదే జూన్ 2న ‘నవ నిర్మాణ దీక్ష’ చేయించారు. దీక్ష పండుగ కాదు, ఆనాటి ప్రభుత్వం పండుగ చేయాలనుకోనూ లేదు. రాష్ట్రం చీలిన రోజున మిఠాయిలు ఎవరు పంచుతారు? 2019లో ప్రభుత్వం మారాక నవంబరు 1 మళ్లీ అవతరణ దినంగా వచ్చింది. వెంటనే కొందరు లెక్క అడిగారు. 1956 నవంబరు 1న పుట్టింది హైదరాబాదు ఉన్న ఆంధ్రప్రదేశ్ కదా, ఇప్పుడున్నది దాదాపుగా 1953 అక్టోబరు 1న కర్నూలులో పుట్టిన ఆంధ్ర రాష్ట్రమే కదా, అలాంటప్పుడు అక్టోబరు 1 చేసుకోవాలిగాని నవంబరు 1 ఏమిటని. అవతల తెలంగాణవాదులకు నవంబరు 1 ఏళ్ల తరబడి ‘విద్రోహ దినం’. నల్ల జెండాలు ఎగరేసిన తేదీ.

ఒకే తేదీకి ఇన్ని కథలున్నాయంటే అది ఒక్క ఏడాది కథ కాదన్నమాట. ఈ ధారావాహికలో ఇప్పటిదాకా ఒక్కో సంఘటన పట్టుకుని నడిచాం. ఈసారి క్యాలెండరులో ఒక గడి పట్టుకుని, వెనక్కీ ముందుకీ వెళ్దాం. నాకు కనిపించినంతలో తెలుగు నేల మీద నవంబరు ఒకటి ఎక్కువగా మాట ఇచ్చిన రోజు, లేదంటే ఇచ్చిన మాట చెల్లించమని జనం రోడ్డెక్కిన రోజు.

మొదటి మాట లండను నుంచి వచ్చింది. 1858 నవంబరు 1న అలహాబాదులో గవర్నర్ జనరల్ కానింగ్ విక్టోరియా రాణి ప్రకటనను చదివి వినిపించాడు. మద్రాసు, బొంబాయి, కలకత్తాలలోనూ అదే రోజు చదివారు. దేశభాషల్లోకి తర్జుమా చేయించి ఊళ్లకు పంపారు. ఈస్టిండియా కంపెనీ దుకాణం మూసేశారు, ఇకమీదట పాలన నేరుగా రాణిదే అన్నది అందులో సారాంశం. మతాల జోలికి రామన్నారు, అర్హతను బట్టి ఉద్యోగాలన్నారు. పాఠ్యపుస్తకాల్లో ఇవే ఉంటాయి. తెలుగువాళ్ల కథకు మాత్రం అసలైనది ఇంకో వాక్యం. స్వదేశీ సంస్థానాధీశులతో కంపెనీ చేసుకున్న ఒప్పందాలను గౌరవిస్తామనీ, ఇకపై రాజ్య విస్తరణ కోరబోమనీ రాణి మాట ఇచ్చింది.

దాని అర్థం తెలియాలంటే అప్పటి తెలుగు నేల పటం చూడాలి. ఉత్తర సర్కారులు 1766 ఒప్పందంతో నిజాం చేతి నుంచి కంపెనీకి వెళ్లాయి. గుంటూరు 1788లో. బళ్లారి, కడప వైపు సీమ 1800లో. నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలు ఆర్కాటు నవాబు నుంచి 1801లో. కోస్తా, సీమ అలా మద్రాసు ప్రెసిడెన్సీలో పడగా, తెలంగాణ నిజాం దగ్గర మిగిలింది. డల్హౌసీ కాలంలో కంపెనీ ఒక్కో సంస్థానాన్నీ మింగుకుంటూ వచ్చిన తీరు చూస్తే, హైదరాబాదు కూడా ఎంతకాలమో నిలిచేది కాదని అనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠీ రెసిడెన్సీ మీద దాడికి దిగారు. నిజాం దర్బారు, దివాను సాలార్ జంగ్ మాత్రం ఇంగ్లీషువాళ్ల పక్షానే నిలబడ్డారు. దానికి ప్రతిఫలంగా 1860లో రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు తిరిగి నిజాముకు దక్కాయి. కోస్తా, సీమ మాత్రం దక్కలేదు.

రాణి మాటతో ఆ గీత గట్టిపడింది. తొంభై ఏళ్లు అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే. ఇటు ధవళేశ్వరం ఆనకట్ట, దాని నీళ్లు, ఆ నీళ్ల మీద పెరిగిన రైతులు, వాళ్ల పిల్లలకు ఇంగ్లీషు చదువులు, మద్రాసులో వకీలు ప్లీడరీలు. అటు జాగీర్లు, దేశ్‌ముఖులు, మొదట ఫారసీ, తర్వాత ఉర్దూ కచేరీలు, 1918లో ఉర్దూ మాధ్యమంగా వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1956లో రెండూ ఒకటయ్యాక ఉద్యోగాల దగ్గర మొదలైన తగువు నిజానికి ఇక్కడ పుట్టింది. రెండు వైపులా తెలుగే మాట్లాడుకున్నారు, కాని దఫ్తరు భాష వేరు, బడి వేరు, భూమి లెక్కలు వేరు. ‘అన్నదమ్ములం’ అని వేదికల మీద చెప్పినవాళ్లు ఈ లెక్క ఎత్తకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

ఈ తేదీకి రాజకీయంతో సంబంధం లేని ఒక్క మంచి సంగతి కూడా ఉంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి పుట్టింది 1897 నవంబరు 1న, పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో. అవతరణ దినం సభల్లో ఆయన ‘జయ జయ జయ ప్రియ భారత’ పాడతారు, ఆ రోజు ఆయన పుట్టినరోజని మాత్రం ఎవరూ చెప్పరు.

1952 నవంబరు 1కి మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షకు పద్నాలుగో రోజు. అక్టోబరు 19న మొదలుపెట్టారు. అప్పటికింకా ఢిల్లీ పట్టించుకోలేదు. దీక్షలు చాలా చూశాం అన్న ధోరణే కనిపించింది. డిసెంబరు 15 రాత్రి ఆయన కన్నుమూశాక రైళ్లు ఆగాయి, స్టేషన్లు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. ప్రాణం పోయాకగాని మాట రాలేదు. ఈ క్రమాన్ని గుర్తుంచుకోండి. పద్నాలుగేళ్ల తర్వాత విశాఖలో మరో దీక్ష దగ్గర ఇదే గుర్తుకొస్తుంది.

ఇక 1956. ఆ ఏడాది నవంబరు ఒకటి గురువారం, మర్నాడు దీపావళి. ప్రపంచం మాత్రం పండుగలో లేదు. ఆ వారమే ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్సు కలిసి సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీద పడ్డాయి. హంగరీలో సోవియట్ ట్యాంకులు తిరుగుతున్నాయి. అంతటి గొడవ మధ్యలోనే నెహ్రూ హైదరాబాదు వచ్చి ఆంధ్రప్రదేశ్‌ను ప్రారంభించారు. గవర్నరుగా చందూలాల్ త్రివేది, ముఖ్యమంత్రిగా నీలం సంజీవరెడ్డి. అప్పటికి సంజీవరెడ్డి వయసు 43. నిన్నటిదాకా ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న బెజవాడ గోపాలరెడ్డి కొత్త మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి అయ్యారు. నిన్నటిదాకా హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావు అదే నెలలో కేరళకు గవర్నరుగా వెళ్లారు. ఆ కేరళ కూడా అదే నవంబరు 1న పుట్టిందే. మధ్యప్రదేశ్, విస్తరించిన మైసూరు రాష్ట్రమూ ఆ రోజువే. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఒక్క గురువారంతో దేశ పటాన్ని 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చింది.

ఆ రోజుతో పదవి పోయిన పెద్దమనిషి ఇంకొకరున్నారు, ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చాక కూడా ఆయన్ను పూర్తిగా పక్కన పెట్టలేదు. 1950 జనవరి 26 నుంచి హైదరాబాదుకు రాజప్రముఖ్‌గా, అంటే గవర్నరు లాంటి పదవిలో, ఉంచారు. 1956 అక్టోబరు 31తో ఆ పదవే రద్దయింది. 1724లో మొదలైన అసఫ్‌జాహీల అధికారం ఆఖరికి ఒక రాజ్యాంగ సవరణలో ముగిసింది. యుద్ధం లేదు, తిరుగుబాటు లేదు, రాజప్రముఖ్ అనే మాటను కొట్టేశారంతే. 1858లో రాణి ఇచ్చిన మాట గడువు కూడా అక్కడితో సరి.

పటం మారడం అంటే ఏమిటో ఢిల్లీ నుంచి చూస్తే తెలియదు, తాలూకా నుంచి చూడాలి. పాత హైదరాబాదు రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. ఔరంగాబాదు, నాందేడ్, పర్భణి, బీడ్, ఉస్మానాబాదు జిల్లాలు బొంబాయి రాష్ట్రానికి. బీదరు, గుల్బర్గా, రాయచూరు మైసూరుకు. తెలుగు జిల్లాలు ఇటు. కోతలు మాత్రం జిల్లా హద్దుల వెంట నడవలేదు. రాయచూరు జిల్లాలోంచి గద్వాల, అలంపురం తాలూకాలు తెంచి ఇటు కలిపారు. గుల్బర్గా నుంచి కొడంగల్, తాండూరు వచ్చాయి. బీదరు నుంచి నారాయణఖేడ్, జహీరాబాదులో ఎక్కువ భాగం. నాందేడ్ నుంచి ముధోల్, భైంసా, కుబీర్, బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు. అటువైపు ఆదిలాబాదు జిల్లాలోంచి కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్‌లో ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయికి వెళ్లాయి.

ఈ జాబితా చట్టంలో మూడో సెక్షనులో పొడిగా ఉంటుంది. చదువుతుంటే మాత్రం ఆగి ఆలోచించాల్సి వస్తుంది. అలంపురం జోగులాంబ ఆ రోజు దాకా రాయచూరు జిల్లా దేవత. బాసర ఉన్న ముధోల్ ప్రాంతం నాందేడ్ జిల్లా. అక్షరాభ్యాసానికి పిల్లల్ని తీసుకెళ్లే గుడీ, శక్తిపీఠమూ రెండూ ఒకే రోజున తెలుగు రాష్ట్రంలోకి వచ్చాయి. ఇప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి నియోజకవర్గం కొడంగల్ ఆ రోజు దాకా గుల్బర్గా కింద ఉండేది. కన్నడ, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ వచ్చిన పాతతరం వాళ్లు ఈ తాలూకాల్లో నిన్నమొన్నటి దాకా ఉండేవాళ్లు. భాష ఆధారంగా రాష్ట్రాలు విడదీశామన్నారు గాని, ఆ ఊళ్లలో ఏ భాష ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో ఏ సర్వేయరు చెప్పగలడు? రాని వాళ్లూ ఉన్నారు. బళ్లారి 1953లోనే మైసూరుకు వెళ్లిపోయింది. హోసూరు తెలుగువాళ్లు మద్రాసులో మిగిలారు. తిరుత్తణి 1960 దాకా ఇటే ఉండి, ఆ తర్వాత మద్రాసుకు పోయింది.

పోగొట్టుకున్న ఊళ్లలో మొదటిది కర్నూలు. 1953 అక్టోబరు 1న అక్కడ డేరాలు వేసుకుని మరీ రాజధాని పెట్టారు. మూడేళ్ల ఒక నెలకు డేరాలు ఎత్తేశారు. గుంటూరులో 1954లో ఏర్పడ్డ హైకోర్టు 1956 నవంబరు 5కి హైదరాబాదు చేరింది. 1937లో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో సీమ నాయకులూ కోస్తా నాయకులూ రాసుకున్న ఒప్పందానికి అక్కడితో నూకలు చెల్లాయి. ఆ బాధ కర్నూలు మరచిపోలేదు. మూడు రాజధానుల ప్రస్తావన 2019 డిసెంబరులో వచ్చినప్పుడు ‘న్యాయ రాజధాని’ అనగానే అక్కడ ఎందుకంత చలనం వచ్చిందో 1956 తెలియనివాళ్లకు అర్థం కాదు.

రాజధాని పోయిన ఊరి బాధ కంటే మాట తప్పిన బాధ పెద్దది. దాని కథ 1956 ఫిబ్రవరిలో మొదలైంది, కాని ముందు నేపథ్యం చూడాలి. ఫజల్ అలీ, హృదయనాథ్ కుంజ్రు, కె.ఎం. పణిక్కర్‌ల రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషను 1955 సెప్టెంబరు చివర ఇచ్చిన నివేదికలో తెలంగాణను అప్పటికి విడిగానే ఉంచమంది. 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే అప్పుడు కలపవచ్చంది. ఇది తొందరపాటు లేని సలహా. అది ఎవరికీ రుచించలేదు. విశాలాంధ్ర కావాలన్న కమ్యూనిస్టులకూ, కర్నూలు డేరాల్లో విసిగిన ఆంధ్ర కాంగ్రెసుకూ ఆగే ఓపిక లేదు. హైదరాబాదు శాసనసభలో చర్చ జరిగింది. ఎక్కువమంది విలీనం వైపే మాట్లాడారు, కాని ఓటింగు జరగలేదు. పైగా ఆ సభలో మరాఠీ, కన్నడ సభ్యులూ ఉన్నారు. హైదరాబాదు రాష్ట్రం చీలితేనే వాళ్ల దారి వాళ్లకు దొరుకుతుంది కనుక వాళ్ల గొంతును తెలంగాణ గొంతుగా లెక్కేయడం నాకు సబబుగా తోచదు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీ హైదరాబాద్ హౌస్‌లో ఎనిమిదిమంది కూర్చున్నారు. ఆంధ్ర వైపు గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు బూర్గుల, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. వీళ్లు రాసుకున్నదే పెద్దమనుషుల ఒప్పందం. మంత్రివర్గంలో ఆరు వంతులు ఆంధ్రకు, నాలుగు వంతులు తెలంగాణకు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం. తెలంగాణ ఆదాయంలో మిగులు తెలంగాణకే ఖర్చు. ఉద్యోగాలు స్థానికులకేననే ముల్కీ నిబంధన కొనసాగింపు. ఉర్దూకు ఐదేళ్లు యథాస్థితి. తెలంగాణ వ్యవహారాలకు ప్రాంతీయ సంఘం. మద్యనిషేధం పెట్టాలో వద్దో తెలంగాణ శాసనసభ్యులే తేల్చుకోవాలి. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని చిన్నది కాదు. ఆంధ్రలో నిషేధం, తెలంగాణలో అబ్కారీ. కల్లు, సారా మీద వచ్చే రాబడే తెలంగాణ ఖజానాకు పెద్ద దన్ను. మిగులు నిధుల తగువు మూలం కొంత ఆ తాటివనాల్లోనే ఉంది.

పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లులో కొత్త రాష్ట్రం పేరు ‘ఆంధ్ర-తెలంగాణ’. చట్టమయ్యేనాటికి అది ఆంధ్రప్రదేశ్ అయింది. నవంబరు 1న ప్రమాణం చేసిన మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి పదవి లేదు. ఆరో వేలుతో ఏం పని అని సంజీవరెడ్డి కొట్టిపారేశారని తెలంగాణలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట ఆయన ఏ సందర్భంలో అన్నా, పదవి లేకపోవడం మాత్రం మొదటి రోజు నుంచే జరిగిన పని. ఒప్పందం మీద సంతకం చేసిన వ్యక్తే ముఖ్యమంత్రి కావడం, ఆ ఒప్పందంలో అన్నిటికంటే తేలిగ్గా నెరవేర్చగల షరతును మొదటి రోజే వదిలేయడం నాకు పెద్ద తప్పుగా కనిపిస్తుంది. నీళ్లు పంచడం కష్టం, ఉద్యోగుల సీనియారిటీ జాబితాలు కలపడం ఇంకా కష్టం. ఒకరికి ఒక పదవి ఇవ్వడంలో కష్టమేముంది? తర్వాతి ముఖ్యమంత్రి సంజీవయ్య మంత్రివర్గంలో కె.వి. రంగారెడ్డి ఉప ముఖ్యమంత్రిగా ఉన్నారు గాని, అప్పటికి అపనమ్మకం పాతుకుపోయింది.

బూర్గుల గురించి ఒక్క మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. తెలంగాణలో ఎక్కువమంది విడి రాష్ట్రాన్నే కోరుతున్నారని అధిష్ఠానానికి రాసిన మనిషి ఆయన. చివరికి ఢిల్లీ మాటకు తలొగ్గి తన ముఖ్యమంత్రి పదవినీ వదులుకున్నారు. బహుభాషా పండితుడు, ఘర్షణ గిట్టని మనిషి. ఆయన ఇంకొంచెం మొండివాడైతే కథ వేరేగా నడిచేదా? చెప్పలేం. ఒప్పందాన్ని పెద్దమనుషుల చేతి కాగితంగా వదిలేయకుండా చట్టంలోకి ఎక్కించమని పట్టుబట్టి ఉంటే మాత్రం తెలంగాణకు కోర్టుకు వెళ్లే దారి ఒకటి ఉండేది. ప్రాంతీయ సంఘానికి రాజ్యాంగంలో చోటు దొరికింది, తక్కినవి నమ్మకం మీద వదిలేశారు.

ఒక విచిత్రం కూడా ఉంది. కొత్త రాష్ట్రానికి కొత్త శాసనసభ ఎన్నికలు జరగలేదు. 1957 సాధారణ ఎన్నికల్లో తెలంగాణలోని 105 స్థానాలకే ఓట్లు పడ్డాయి. ఆంధ్ర ప్రాంతం నుంచి 1955లో గెలిచిన 196 మంది 1962 దాకా అలాగే కొనసాగారు. రెండు వేర్వేరు ఎన్నికల్లో గెలిచినవాళ్లు ఒకే సభలో ఐదేళ్లు కూర్చున్నారు. అయ్యదేవర కాళేశ్వరరావు ఆ సభకు తొలి స్పీకరు.

పదేళ్లు గడిచాయి. 1966 నవంబరు 1, మంగళవారం. ఉత్తరాన ఆ రోజు పంజాబును విడదీసి హర్యానా ఏర్పాటు చేస్తున్నారు, చండీగఢ్‌లో సంబరం. ఇటు రాష్ట్ర అవతరణకు సరిగ్గా పదేళ్లు. విశాఖపట్నంలో పోలీసులు తుపాకులు పేల్చారు.

విశాఖకు ఉక్కు కర్మాగారం కోరిక ఊరికే పుట్టలేదు. దేశంలో ఐదో ఉక్కు కర్మాగారం ఎక్కడ పెట్టాలో చూడమని ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందాన్ని కేంద్రమే నియమించింది. 1965లో వాళ్లు విశాఖే అన్నిటికంటే తగిన చోటని తేల్చారు. రేవు ఉంది. బస్తరులో బైలాడిలా కొండలున్నాయి, దేశంలోకెల్లా మేలైన ఇనుప ఖనిజాల్లో అదొకటి. ఆ ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా అరకు కొండలు తొలిచి రైలు మార్గం వేస్తున్న రోజులవి. ఖనిజం మన కళ్ల ముందే రైలెక్కి వచ్చి ఓడెక్కి పోతుంది, ఆ దేశంలో ఉక్కవుతుంది, మన ఊళ్లో ఎందుకు కాకూడదు? ఇదే ప్రశ్న. దీనికి జవాబు చెప్పడానికి ఢిల్లీకి ధైర్యం చాలలేదు. తమిళులకు సేలం కావాలి, కాంగ్రెసు అధ్యక్షుడు కామరాజ్ తమిళుడు. మైసూరువాళ్లకు హోస్పేట కావాలి. ఇందిరాగాంధీ ప్రధాని అయి ఏడాది కాలేదు. జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు, కరువు, పంచవర్ష ప్రణాళికకే డబ్బు లేదు, ఫిబ్రవరిలో ఎన్నికలు. ఎవరికీ కాదనలేక, ఎవరికీ ఔననలేక నాన్చారు.

అప్పటి కేంద్ర మంత్రివర్గంలో నీలం సంజీవరెడ్డి ఉన్నారు. శాస్త్రి హయాంలో ఉక్కు, గనుల శాఖ చూసింది ఆయనే, ఇందిర వచ్చాక రవాణాకు మారారు. మొదటి నవంబరు ఒకటిన ముఖ్యమంత్రి, పదేళ్ల తర్వాతి నవంబరు ఒకటికి జవాబు చెప్పాల్సిన ప్రభుత్వంలో మంత్రి.

1966 అక్టోబరు 15న గుంటూరు జిల్లాకు చెందిన టి. అమృతరావు విశాఖలో ఆమరణ నిరాహార దీక్షకు కూర్చున్నారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం నెల తిరక్కుండా గోడలెక్కింది. తెన్నేటి విశ్వనాథం వంటి పెద్దలు ముందు నడిచారు, కమ్యూనిస్టులు కలిశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులు బయటికొచ్చారు. అధికార పార్టీలో ఉన్నవాళ్లు కూడా కాదనలేని కోరిక అది, శాసనసభే ఏకగ్రీవంగా తీర్మానం చేసింది మరి. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి ఇరుక్కున్నారు. కోరేదీ ఆయన రాష్ట్రమే, ఆపాల్సిందీ ఆయన పోలీసులే.

నవంబరు 1 దీక్షకు పద్దెనిమిదో రోజు. పొట్టి శ్రీరాములు కథ తెలిసిన తరం అది, దీక్ష ఎటు పోతుందోనన్న భయం అందరిలో ఉంది. ఊరు పూర్తిగా బందు. జనం వీధుల్లోకి వచ్చారు, పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన వాళ్లలో బడికి వెళ్లే వయసు పిల్లవాడొకడు ఉన్నాడు. ఆ వార్త వెళ్లిన ప్రతి ఊళ్లోనూ మంట రేగింది. విజయవాడ, గుంటూరు, కాకినాడ, ఇంకా చాలా చోట్ల. మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయని ఉద్యమకారులు లెక్క చెబుతారు. ఆ జాబితాలో వరంగల్లు పేరు కూడా కనిపిస్తుంది. విశాఖ ఉక్కు కోసం తెలంగాణలోనూ మనిషి పోయాడు. మూడేళ్లు తిరగకముందే 1969లో అదే తెలంగాణలో కొత్తగూడెం, ఖమ్మం వైపు నుంచి ముల్కీల అమలు కోసం మొదలైన నిరసన ప్రత్యేక రాష్ట్ర ఉద్యమమై, వందల ప్రాణాలు తీసుకుంది. ఈ రెండు ఉద్యమాలనూ విడివిడి పుస్తకాల్లో రాస్తున్నాం. కలిపి చదివితే కనిపించేది వేరు. 1956లో కలిసిన రాష్ట్రం నిజంగా ఒకటిగా కదిలిన అరుదైన వారాల్లో అదొకటి, బహుశా ఆఖరిదేమో కూడా.

నవంబరు మొదటి వారంలోనే హామీల మీద అమృతరావు దీక్ష విరమించారు. ప్రతిపక్ష శాసనసభ్యులు పెద్ద సంఖ్యలో రాజీనామాలు చేశారు. హామీ ఫలించడానికి మళ్లీ ఏళ్లు పట్టింది. 1970 ఏప్రిల్ 17న ఇందిర పార్లమెంటులో విశాఖ, సేలం, హోస్పేట మూడింటికీ కర్మాగారాలు ప్రకటించారు. ముగ్గురు అడిగితే ముగ్గురికీ ఇవ్వడం రాజకీయం. డబ్బు మాత్రం ఒక్కరికే సరిగా లేదు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. రాయి పడింది, కర్మాగారం లేవలేదు. దాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ సంస్థ 1982లో ఏర్పడింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. తుపాకీ పేలిన రోజు నుంచి ఇరవై ఆరేళ్లు. ఉద్యమంలో నినాదాలిచ్చిన విద్యార్థుల పిల్లలు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టే వయసుకొచ్చారు. భూములిచ్చిన పల్లెలవాళ్లలో ఎంతమందికి ఆ ఉద్యోగాలు దొరికాయన్నది వేరే వ్యాసానికి సరిపడే సంగతి.

ఈ కర్మాగారానికి పుట్టుక నుంచీ ఒక లోటుంది. సొంత ఇనుప గని లేదు. సేలంలో, భిలాయిలో, రూర్కెలాలో కర్మాగారాలు నడిపే ప్రభుత్వ సంస్థకు గనులున్నాయి, విశాఖకు లేవు. బైలాడిలా ఖనిజాన్ని గనుల సంస్థ ఎన్.ఎం.డి.సి. దగ్గర బజారు ధరకు కొనాలి. ఉక్కు ధర పడిపోయినప్పుడల్లా ఈ తేడా నష్టంగా తేలుతుంది. గని కేటాయించమని ఎన్ని ప్రభుత్వాలు అడిగాయో, ఎన్ని ప్రభుత్వాలు చూద్దామన్నాయో. ఈలోగా ఆ కొండల చిరునామా కూడా మారింది. బైలాడిలా ఉన్న బస్తరు 1956 నవంబరు 1న కొత్త మధ్యప్రదేశ్‌లో చేరింది. 2000 నవంబరు 1న ఆ మధ్యప్రదేశ్ నుంచి విడిపోయి ఛత్తీస్‌గఢ్ అయింది. ఆ రాష్ట్రం పుట్టినరోజూ మన తేదీయే.

2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కూర్మన్నపాలెం గేటు దగ్గర కార్మికులు శిబిరం వేశారు. యాభై ఐదేళ్ల కిందటి నినాదమే, ఒక్క అక్షరం మారకుండా, మళ్లీ బానర్ల మీదికి వచ్చింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అమ్మకం నిర్ణయం వెనక్కి తీసుకుంటున్నామని మాత్రం ఆ ప్రకటనలో లేదు. గని సంగతీ లేదు.

(వచ్చే వారం: డిసెంబరు 15)